పాత కంప్యూటర్‌ని వాడాలా, తుక్కుకి వెయ్యాలా: టెస్టింగ్‌లో తేలేదెంత

సికింద్రాబాద్ సీటీసీ కావచ్చు, చెన్నై రిచీ స్ట్రీట్ కావచ్చు, బెంగళూరు ఎస్పీ రోడ్ కావచ్చు, ఈ కంప్యూటర్ మార్కెట్లలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ అడిగితే చాలా కౌంటర్ల మీద జరిగేది ఒకటే. ఆన్ చేసి చూపిస్తారు, విండోస్ లోగో వస్తుంది, యూట్యూబ్‌లో ఏదో పాట ఒక నిమిషం ప్లే అవుతుంది, సౌండ్ వస్తోంది కదా సార్ అంటారు, టెస్టింగ్ అయిపోయినట్టే. బిల్లు మీద టెస్టింగ్ వారంటీ అని ఏడు రోజులో పదిహేను రోజులో రాసిస్తారు. ఈ టెస్టింగ్ వారంటీ అనే మాట ఎవరు కనిపెట్టారో గానీ భలే నిజాయితీ ఉన్న మాట, ఎందుకంటే దాని అర్థం ఏంటంటే మేం చెయ్యని టెస్టింగ్ మీరు ఇంటికెళ్ళి చేసుకోండి, తేడా వస్తే వారంలోపు రండి అని.

ఇందులో మోసం ఉందని అనడం లేదు. లెక్క ఉంది. ఒక పాత మెషిన్‌ని నిజంగా టెస్ట్ చెయ్యాలంటే గంటలు పడుతుంది, కొన్ని టెస్టులకి ఒక రాత్రంతా పడుతుంది, దాని మీద మిగిలేది కొన్ని వందలో వెయ్యి రెండు వేలో అయితే అంత టైమ్ ఎవరు పెడతారు? అందుకే ఒక పాత కంప్యూటర్ మళ్ళీ ఎవరో పిల్లాడి టేబుల్ మీదకి వెళ్తుందా, లేక రీసైక్లింగ్ ప్లాంట్‌లో ముక్కలవుతుందా అన్నది దాని ఆరోగ్యం ఒక్కటే తేల్చట్లేదు. టెస్ట్ చేసేవాడి దగ్గర ఎంత టైమ్ ఉంది, ఏ టెస్ట్ ముందు చేశాడు, ఎక్కడ ఆపాడు, ఇవి కూడా అంతే గట్టిగా తేలుస్తున్నాయి. బాగున్న మెషిన్ తుక్కులోకి పోవడం, పోవాల్సిన మెషిన్ అమ్ముడుపోవడం, రెండూ రోజూ జరిగేవే.

అసలీ పాత మాల్ ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే సగం విషయం అర్థమవుతుంది. ఇళ్ళ నుంచి వచ్చేది తక్కువ, మనవాళ్ళు పాత సీపీయూని అటక మీద పదేళ్ళు దాచి అప్పుడు పాత సామాన్ల బండికి వేస్తారు. పెద్ద మొత్తంలో వచ్చేది కంపెనీల నుంచే. హైటెక్ సిటీ లాంటి చోట్ల ఆఫీసులు ల్యాప్‌టాప్‌లు మూడేళ్ళకో నాలుగేళ్ళకో మార్చేస్తాయి, లీజు అయిపోయినవి లాట్లుగా బయటికి వస్తాయి, వందల పీసులు ఒకేసారి ఒకే మోడల్. కొన్నవాడు వాటిని ఏ గ్రేడ్, బీ గ్రేడ్, సీ గ్రేడ్ అని విడగొడతాడు. ఇక్కడ చిన్న మెలిక ఉంది. ఈ గ్రేడ్లు ఎక్కువగా పైకి కనిపించే దాన్ని బట్టి ఇచ్చేవి, గీతలు ఉన్నాయా, మూత మీద సొట్ట ఉందా, కీబోర్డు అక్షరాలు అరిగాయా అని. లోపల డిస్క్ చావు బతుకుల్లో ఉన్నా బాడీ తళతళలాడితే ఏ గ్రేడే. మూల విరిగిన సీ గ్రేడ్ మెషిన్ లోపల బంగారంలా ఉండొచ్చు.

పద్ధతిగా టెస్ట్ చేసేవాళ్ళు ముందు కరెంట్ పెట్టరు, కళ్ళతో చూస్తారు. ల్యాప్‌టాప్ టేబుల్ మీద సరిగ్గా కూర్చోకుండా ఊగుతుంటే, టచ్‌ప్యాడ్ పైకి లేచి ఉంటే, బ్యాటరీ ఉబ్బిందని అర్థం, అది వెంటనే పక్కన పెట్టాల్సిందే, నొక్కి చూడటాలూ పొడిచి గాలి తియ్యడాలూ అస్సలు వద్దు, లిథియం బ్యాటరీకి నిప్పంటుకుంటే ఆర్పడం మామూలు విషయం కాదు. డెస్క్‌టాప్ అయితే మూత తీసి మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల, అంటే కరెంట్ కాసేపు దాచుకునే చిన్న డబ్బాల్లాంటి పార్టుల, తలలు చూడాలి, చదునుగా ఉండాలి, బొద్దుగా ఉబ్బినా గోధుమ రంగు జిగురు కారినా పోయినట్టే. 2000ల మొదట్లో తయారైన బోర్డుల్లో ఇది ఒక అంటువ్యాధిలా వచ్చింది, డెల్ ఆప్టిప్లెక్స్ జీఎక్స్270, జీఎక్స్280 లాంటివి ఆఫీసులకి ఆఫీసులే పాడయ్యాయి, ఆ రిపేర్ల ఖర్చు కోసం డెల్ 2005లో 300 మిలియన్ డాలర్లు లెక్కల్లో చూపించుకోవాల్సి వచ్చింది. ఆ మోడళ్ళు ఇప్పుడు తుక్కులో కూడా అరుదే గానీ, కెపాసిటర్ తల చూడటం అనే అలవాటు మాత్రం ఆ దెబ్బతోనే టెస్టర్లకి వచ్చింది. సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చిన మెషిన్లయితే ఉప్పు గాలికి కాంటాక్టుల మీద పచ్చగా పట్టిందేమో కూడా చూస్తారు. ఇదంతా రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు, అందుకే ఇది ముందు.

తర్వాత ఎస్ఎంపీఎస్, అంటే ఇంటి కరెంట్‌ని తగ్గించి లోపలి పార్టులకి అందించే డబ్బా. ఎంత అనుభవం ఉన్నవాళ్ళయినా ఇక్కడ తొందరపడితే నష్టపోతారు. తెలియని ఎస్ఎంపీఎస్‌ని మంచి బోర్డుకి తగిలిస్తే, అది పాడైందైతే మంచి బోర్డుని కూడా తనతో తీసుకుపోతుంది. ఒక టెస్ట్ చెయ్యబోయి రెండు వస్తువులు పోతాయి. అందుకని ముందు దాన్ని విడిగా చూడాలి. 24 పిన్ల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరునీ ఏదో ఒక నల్ల వైరునీ పేపర్ క్లిప్‌తో కలిపితే ఫ్యాన్ తిరుగుతుంది, చాలామంది దాన్నే టెస్ట్ అనుకుని ఆగిపోతారు. ఫ్యాన్ తిరిగితే ఫ్యాన్ బాగున్నట్టు, అంతకుమించి పెద్దగా ఏం తెలియలేదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే 12 వోల్ట్ లైను 11.4 నుంచి 12.6 మధ్య, 5 వోల్ట్ లైను 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి, అంటే అటూ ఇటూ ఐదు శాతం. అదీ లోడ్ మీద చూస్తేనే లెక్క, ఖాళీగా ఉన్నప్పుడు అన్నీ మంచిగానే చూపిస్తాయి. మన మార్కెట్‌లో 450 వాట్ అని స్టిక్కర్ వేసుకుని చేతిలో పట్టుకుంటే పుచ్చకాయ తొక్కంత బరువు కూడా లేని ఎస్ఎంపీఎస్‌లు బోలెడు తిరుగుతుంటాయి, వాటికి మల్టీమీటర్ కూడా అక్కర్లేదు, బరువే టెస్ట్. పాత ఎస్ఎంపీఎస్ విషయంలో చాలామంది జాగ్రత్తపరులు పాటించే రూలేంటంటే అనుమానం ఉంటే తుక్కే. దాన్ని విప్పి రిపేర్ చెయ్యడం తెలిసినవాళ్ళ పని, ప్లగ్ పీకేసిన తర్వాత కూడా లోపల పెద్ద కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత చార్జ్ ఉంటుంది.

ఎస్ఎంపీఎస్ తేలాక బోర్డు సంగతి. ఇక్కడ టెస్టింగ్ మొత్తానికి పనికొచ్చే ఒకే ఒక సూత్రం ఉంది, ఒకసారికి ఒక్క తెలియని వస్తువే ఉండాలి. మంచిదని ముందే తేలిన ఎస్ఎంపీఎస్, మంచిదని తేలిన ఒక ర్యామ్ స్టిక్, మంచిదని తేలిన మానిటర్, వీటితో తెలియని బోర్డు. ఇలా టెస్టింగ్ కోసమే పక్కన పెట్టుకున్న మంచి పార్టుల సెట్ లేనివాడు ఎంత తెలివైనవాడైనా ఊహాగానమే చేస్తాడు. నో డిస్‌ప్లే అని వచ్చిన బోర్డుల్లో ఎన్నో అసలు పోలేదు. ర్యామ్ తీసి దాని బంగారు రంగు పళ్ళని స్కూలు రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్ళీ పెడితే లేచి కూర్చుంటాయి. ఈ రబ్బరు వైద్యం గురించి చదువుకున్నవాళ్ళు నవ్వుతారు గానీ, కాంటాక్టుల మీద పట్టిన పొర పోవడమే అక్కడ జరిగేది, రబ్బరు పొడి స్లాట్‌లో పడకుండా చూసుకుంటే చాలు. ఇంకొన్ని బోర్డుల్లో గుండ్రటి సీఆర్2032 సెల్ చచ్చిపోయి ఉంటుంది, కొత్తదైతే 3 వోల్టులు ఇవ్వాలి, అది మార్చి బయాస్, అంటే ఆన్ చెయ్యగానే ముందు నడిచే బోర్డు సొంత ప్రోగ్రామ్, సెట్టింగులు రీసెట్ చేస్తే పని అయిపోతుంది. కొన్ని పదుల రూపాయల సెల్ కోసం ఒక బోర్డు తుక్కులోకి పోయిందంటే అది బోర్డు తప్పు కాదు.

ర్యామ్‌కి మెమ్‌టెస్ట్86ప్లస్ ఉంది, ఉచితం, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుంది. మెమరీలో ప్రతి చోటా రకరకాల ప్యాటర్న్‌లు రాసి తిరిగి చదివి పోల్చి చూస్తుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, ఇక్కడ పాస్ మార్కులు ముప్పై ఐదు లాంటివి ఉండవు, ఎందుకంటే ఆ ఒక్క బిట్ ఎవరి ఎక్సెల్ షీట్‌లోనో ఎవరి ఫోటోలోనో పడుతుంది, పడినట్టు కూడా తెలియదు. కాకపోతే ఎర్రర్ రాగానే స్టిక్‌ని డబ్బాలో పడేయడం కూడా తొందరపాటే, అదే స్టిక్‌ని ఇంకో స్లాట్‌లో, ఇంకో బోర్డులో చూడాలి, తప్పు స్లాట్‌ది కావచ్చు. సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ర్యామ్‌ది ఇంకో గోల, పైకి మామూలు ర్యామ్‌లానే ఉంటుంది, డెస్క్‌టాప్‌లో పెడితే బూట్ అవ్వదు, పాడైందని రాసి పడేస్తారు. అది పాడవ్వలేదు, అడ్రస్ తప్పింది అంతే. ఇక టైమ్ విషయానికొస్తే ఇంకా వాడకంలో ఉన్న డీడీఆర్4 రకం 16 జీబీ స్టిక్‌కి రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టడంలో అర్థం ఉంది, ఎప్పుడో పాతబడిన డీడీఆర్2 రకం 1 జీబీ స్టిక్‌కి అదే రాత్రి పెట్టడం కరెంటు దండగ, అది పాస్ అయినా కొనేవాడు లేడు. ఏది టెస్ట్ చెయ్యాలో తెలియడం ఎంత అవసరమో ఏది చెయ్యకూడదో తెలియడం కూడా అంతే అవసరం, అది ఎవరూ చెప్పరు.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం, హార్డ్ డిస్క్. మిగతా పార్టు పోతే పార్టే పోతుంది, డిస్క్ పోతే దాంతో పాటు మనుషుల పెళ్ళి ఫోటోలు పోతాయి. పైగా డిస్క్‌లో రెండు ప్రశ్నలు కలిసి ఉంటాయి, ఇది ఇంకా ఎన్నాళ్ళు బతుకుతుంది అన్నది ఒకటి, ఇందులో పాత ఓనర్ డేటా పోయిందా అన్నది ఇంకొకటి. చాలా చోట్ల ఈ రెండిటినీ విడివిడిగా చేస్తారు, లేదా రెండూ చెయ్యరు.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే ఒక డైరీ రాసుకుంటుంది, దాన్ని స్మార్ట్ అంటారు. అందులో పదుల కొద్దీ నంబర్లు ఉంటాయి, చూడాల్సినవి నాలుగైదే. 5వ నంబర్ అంటే పాడైన సెక్టార్లని, అంటే డేటా రాసే చిన్న గడుల్ని, పక్కన పెట్టి వాటి బదులు స్పేర్ సెక్టార్లు వాడుకున్న లెక్క. 197 అంటే చదవడానికి మొరాయిస్తున్నవి, ఇంకా తేలని కేసులు. 198 అంటే అస్సలు సరిచెయ్యలేనివి. 9 అంటే ఎన్ని గంటలు నడిచిందో. 199 పెరిగి ఉంటే కంగారు పడక్కర్లేదు, అది ఎక్కువసార్లు కేబుల్ తప్పు, కేబుల్ మారిస్తే పెరగడం ఆగుతుంది. ఈ ఒక్క తేడా తెలియక కేబుల్ పాపానికి డిస్కుల్ని శిక్షించిన వాళ్ళు చాలామంది.

స్మార్ట్ బాగుందంటే డిస్క్ బాగుందనేనా అంటే, కాదు. 2007లో గూగుల్ వాళ్ళు తమ దగ్గరున్న లక్షకి పైగా డిస్కుల మీద చేసిన స్టడీ ఒకటి బయటపెట్టారు, పాడైపోయిన డిస్కుల్లో సగానికి పైగా, సరిగ్గా చెప్పాలంటే 56 శాతం, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచనల్లో ఒక్కటి కూడా చూపించకుండానే పోయాయి. అదే స్టడీలో ఇంకో మాట, ఒక్కసారి స్కాన్ ఎర్రర్ కనిపించిన డిస్క్, ఏ ఎర్రరూ లేని డిస్క్ కన్నా తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలేదేంటంటే స్మార్ట్ చెడ్డగా ఉందంటే నమ్మాలి, మంచిగా ఉందంటే పూర్తిగా నమ్మకూడదు. జ్వరం ఉందంటే రోగం ఉన్నట్టే, జ్వరం లేదంటే రోగం లేదని కాదు, మన ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టర్‌కి కూడా తెలిసిన విషయమే ఇది.

పైగా ఆ డైరీని తుడిచేసేవాళ్ళు కూడా తయారయ్యారు. 2025 మొదట్లో జర్మనీలో హైజే అనే టెక్ పత్రిక బయటపెట్టిన వ్యవహారంలో, కొత్తవని అమ్మిన సీగేట్ డిస్కులు నిజానికి వేల గంటలు నడిచినవని తేలింది, స్మార్ట్‌లో గంటల లెక్క సున్నాకి తిప్పేశారు, చియా అనే క్రిప్టో కాయిన్ తవ్వకాల్లో వాడినవి అయ్యుండొచ్చని అనుమానం వచ్చింది. దొరికిపోయింది ఎలాగంటే సీగేట్ డిస్కుల్లో స్మార్ట్ కాకుండా ఫార్మ్ అని ఇంకో లోపలి రికార్డు ఉంటుంది, అందులో అసలు గంటలు అలాగే ఉండిపోయాయి. స్కూటర్ మీటర్ వెనక్కి తిప్పడం తెలిసిన దేశం మనది, కాబట్టి ఈ వార్త మనవాళ్ళకి పెద్ద ఆశ్చర్యం కలిగించలేదేమో. సీగేట్ డిస్క్ కొంటుంటే స్మార్ట్‌సీటీఎల్ అనే ఉచిత టూల్ కొత్త వెర్షన్‌తో ఆ ఫార్మ్ లాగ్ కూడా చదివి రెండు గంటల లెక్కలూ పోల్చుకోవచ్చు, నిమిషం పని.

డేటా తుడవడం సంగతి. అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు ఇద్దరు, సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలత్, పాత డిస్కులు 158 కొని చూసి 2003లో ఆ లెక్క బయటపెట్టారు, పనిచేసినవి 129, వాటిలో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగతా వాటిల్లో క్రెడిట్ కార్డు నంబర్లే వేలల్లో దొరికాయి. ఇది పాత కథ అనుకుంటే 2022 సెప్టెంబర్‌లో మోర్గాన్ స్టాన్లీ అనే పెద్ద బ్యాంకుకి అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ వేసిన 35 మిలియన్ డాలర్ల ఫైన్ చూడాలి, డేటా తుడవడంలో అనుభవమే లేని ఒక సామాన్లు తరలించే కంపెనీకి పాత డిస్కులూ సర్వర్లూ అప్పగిస్తే, అవి డేటాతో సహా ఇంటర్నెట్ వేలంలో తేలాయి. లక్షల మంది కస్టమర్ల వివరాలు అవి.

ఈ భయంతోనే చాలా ఆఫీసులు ఇప్పుడు ఇంకో చివరికి వెళ్ళిపోయాయి, డిస్కులకి డ్రిల్లింగ్ మెషిన్‌తో బొక్కలు పెట్టించేస్తున్నారు. ఆడిట్ వాళ్ళకి ఫోటో చూపించడానికి బాగుంటుంది, కానీ పాత డేటా మీద ఒక్కసారి కొత్తగా రాసేస్తే సురక్షితంగా ఇంకో ఐదేళ్ళు బతికే డిస్క్ అనవసరంగా చస్తుంది. 35 సార్లు తుడవాలి అనే గట్మన్ పద్ధతి 1996 నాటిది, అప్పటి డిస్కుల కోసం చెప్పింది, ఇప్పటికీ దాన్ని పట్టుకు వేలాడే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఇప్పటి హార్డ్ డిస్కులకి మామూలుగా ఒక్కసారి మొత్తం సున్నాలు రాస్తే చాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన 800-88 గైడ్‌లైన్‌లో 2014లోనే చెప్పింది. అందులో ఇంకో లాభం ఉంది, చాలామంది గమనించరు. డిస్క్ మొత్తం మీద రాయడం అంటేనే ప్రతి సెక్టార్‌నీ టెస్ట్ చేసినట్టు. తుడిచే ముందు 5, 197 నంబర్లు రాసుకుని, తుడిచాక మళ్ళీ చూస్తే, 197లో పెండింగ్ ఉన్న కేసులన్నీ తేలిపోతాయి, రాయగలిగినవి మళ్ళీ మామూలు సెక్టార్లయిపోతాయి, రాయలేనివి 5లోకి వెళ్తాయి. 5 పెరిగిందంటే ఆ డిస్క్ తుక్కుకే. 5 అలాగే ఉండి 197 సున్నా అయిందంటే దానికి ఇంకో అవకాశం ఇవ్వొచ్చు, మొత్తం ఒకసారి చదివించి చూసి, ముఖ్యమైన డేటాకి మాత్రం కాకుండా. ఒకే రెండు మూడు గంటల్లో డేటా పోయింది, టెస్ట్ అయింది. ఎన్‌వైప్ లాంటి ఉచిత టూల్‌తో ఒకేసారి పది డిస్కులు తగిలించి పెడితే మనిషి కూర్చోవాల్సిన పని కూడా లేదు.

తిరిగే పళ్ళెం లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్ఎస్‌డీకి మాత్రం ఈ లెక్క పనికిరాదు. ఎస్ఎస్‌డీ లోపల ఏ డేటా ఏ చిప్‌లో ఎక్కడ రాయాలో కంట్రోలరే మారుస్తూ ఉంటుంది, అరుగుదల అన్ని సెల్స్ మీదా సమానంగా పడాలని. పైగా బయటికి చూపించని స్పేర్ జాగా ఉంటుంది. అందుకని పైనుంచి సున్నాలు రాసినా పాత డేటా ముక్కలు ఎక్కడో మిగలొచ్చు. దానికి కంట్రోలర్‌కే చెప్పాలి, సెక్యూర్ ఎరేజ్ అనో, కొత్త రకం ఎన్‌వీఎంఈ అయితే శానిటైజ్ అనో, ఆ కమాండ్ ఉంటుంది, సెకన్లలోనో నిమిషాల్లోనో అయిపోతుంది. పాత రకం సాటా ఎస్ఎస్‌డీల్లో ఈ కమాండ్ ఇస్తే ఫ్రోజెన్ అని మొండికేయడం మామూలే, బయాసే దాన్ని తాళం వేసి ఉంచుతుంది, మెషిన్‌ని ఒకసారి స్లీప్‌లో పెట్టి లేపితే ఆ తాళం చాలాసార్లు ఊడిపోతుంది. ఈ చిట్కా తెలియక ఎన్ని ఎస్ఎస్‌డీలకి సుత్తి దెబ్బలు పడ్డాయో. ఇక అరుగుదల చూడటానికి ఎన్‌వీఎంఈ డ్రైవుల్లో పర్సెంటేజ్ యూజ్డ్ అని ఒక అంకె ఉంటుంది, ఆఫీస్ ల్యాప్‌టాప్‌ల నుంచి తీసినవాటిల్లో అది చాలాసార్లు ఆశ్చర్యపోయేంత తక్కువ ఉంటుంది, ఈమెయిళ్ళు చూసుకునే మనిషి మూడేళ్ళలో ఎస్ఎస్‌డీని ఎంతని అరగదీస్తాడు.

ల్యాప్‌టాప్ మొత్తంగా టెస్ట్ చెయ్యడం బోరు కొట్టే పని, ప్రతి కీ నొక్కాలి, ప్రతి పోర్టులో ఏదో ఒకటి గుచ్చాలి, తెల్ల స్క్రీన్ పెట్టి మచ్చలు చూడాలి, మూత మడిచే హింజ్ వదులైందా చూడాలి, వైఫై, కెమెరా, మైకు. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే తయారైనప్పటి కెపాసిటీ, ఇప్పుడు ఫుల్ చార్జ్‌లో పట్టే కెపాసిటీ పక్కపక్కనే చూపిస్తుంది, సగానికి పడిపోయిందంటే బ్యాటరీ ఖర్చు ధరలో కలుపుకోవాలి. వేడి టెస్ట్ గురించి మాత్రం ఒక మాట చెప్పుకోవాలి. ప్రాసెసర్‌కి అరగంట ఫుల్ లోడ్ ఇచ్చి టెంపరేచర్ చూస్తారు, బాగుంది. కానీ ఆ టెస్ట్ జరిగేది 24 డిగ్రీల ఏసీ రూములో. ఆ మెషిన్ వెళ్ళేది రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో రేకుల ఇంట్లోకి. బయటి గాలి 18, 20 డిగ్రీలు పెరిగితే లోపల కూడా దాదాపు అంతా పెరుగుతుంది, ఏసీ రూములో 80 దగ్గర పాస్ అయిన మెషిన్ అక్కడ స్లో అయిపోతుంది లేదా ఆగిపోతుంది. మన వాతావరణానికి పాస్ గీత కాస్త కిందికి జరుపుకోవాలి, లేదా ఫ్యాన్ దుమ్ము దులిపి థర్మల్ పేస్ట్ మార్చాకే టెస్ట్ చెయ్యాలి.

ఇన్నీ పాస్ అయ్యి కూడా మెషిన్ తుక్కుగా మారే ఒక కారణం ఈ పదేళ్ళలో వచ్చింది, తాళాలు. కంపెనీ ల్యాప్‌టాప్‌ని మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్‌లో, అంటే ఆఫీసు మెషిన్లని ఇంటర్నెట్ ద్వారా కంపెనీ పేరు మీద కట్టేసే సర్వీసులో, రిజిస్టర్ చేసి ఉంటే, ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేసినా, ఇంటర్నెట్ తగలగానే ఆ కంపెనీ లాగిన్ పేజీ ప్రత్యక్షమవుతుంది. ఆపిల్‌లో యాక్టివేషన్ లాక్, పాత ఓనర్ అకౌంట్‌తో తప్ప తెరుచుకోదు. కొన్నిటికి బయాస్ పాస్‌వర్డ్. హార్డ్‌వేర్‌లో ఏ లోపమూ లేదు, పాత ఓనర్ ఐటీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒక క్లిక్ చెయ్యడం మర్చిపోయారు, అంతే. ఇంటర్నెట్ లేకుండా విండోస్ వేసి అమ్మేస్తే ఈ తాళం అప్పటికి కనపడదు, తర్వాత కొన్నవాడు ఎప్పుడో రీసెట్ కొట్టినప్పుడు బయటపడుతుంది. కాబట్టి టెస్టింగ్‌లో నెట్ కనెక్ట్ చేసి విండోస్ సెటప్ మొదటి పేజీలు దాటించడం అనేది ర్యామ్ టెస్ట్ అంత ముఖ్యం. లాట్ కొనేటప్పుడే లాకులు తీసేశారా అని రాతపూర్వకంగా తీసుకునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి ఈ తలనొప్పి తక్కువ.

ఇంకో తాళం మైక్రోసాఫ్ట్ అందరికీ కలిపి వేసింది. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు మెషిన్‌లో ఉండాలి, ఇంటెల్ అయితే కొన్ని మినహాయింపులు తప్ప 8వ జనరేషన్ నుంచి పైకి ఉండాలి. అంటే 7వ జనరేషన్ ఐ7, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న మెషిన్, పైన చెప్పిన టెస్టులన్నీ డిస్టింక్షన్‌లో పాసైనా మార్కెట్ లెక్కలో పాతది. విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేస్తే హాయిగా నడుస్తుంది, తెలుగు టైపింగ్ కూడా బాగానే అవుతుంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్ళు తెలుగులోనే లినక్స్ తీసుకొచ్చారు కూడా. స్కూళ్ళకి, లైబ్రరీలకి ఇలాంటివి సరిగ్గా సరిపోతాయి, కానీ ట్యాలీ కావాలి, ఎంఎస్ వర్డ్ కావాలి అనే కొట్టు యజమానికి సరిపోవు. మెషిన్ పనిచేస్తుందా అన్న ప్రశ్న ఎప్పుడూ సగమే, ఎవరికి పనిచేస్తుంది అన్నది మిగతా సగం. అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో 2000లో మొదలైన ఫ్రీ గీక్ అనే సంస్థ ఈ సగాన్ని బాగా పట్టుకుంది, వాలంటీర్లకే టెస్టింగ్, బిల్డింగ్ నేర్పి, కొన్ని మెషిన్లు తయారుచేసినవాళ్ళకి ఒకటి ఇంటికి ఇచ్చేవాళ్ళు. టెస్ట్ చేసేవాడి టైమ్ ఖరీదు అనే మొదటి చిక్కుకి అది ఒక పరిష్కారం, ఆ టైమ్‌నే చదువుగా మార్చేశారు. మన పాలిటెక్నిక్ ల్యాబుల్లో ఇది ఎందుకు జరగదు అన్నది వేరే చర్చ.

ఫెయిల్ అయిన సరుకు సంగతి కూడా టెస్టర్ పనిలో భాగమే, అన్నిటినీ ఒకే గోనె సంచిలో వేస్తే టెస్టింగ్ చేసిన లాభం సగం పోతుంది. బోర్డులు వేరు, కేబుళ్ళు వేరు, అల్యూమినియం హీట్‌సింకులు వేరు, బ్యాటరీలు పూర్తిగా వేరు. పాత డబ్బా మానిటర్ గాజులో సీసం ఉంటుంది, ఎల్ఈడీ రాకముందు వచ్చిన ఎల్‌సీడీల వెనక సన్న ట్యూబుల్లో పాదరసం ఉంటుంది, వీటిని పగలగొట్టకూడదు. బోర్డుల్లో బంగారం ఉంటుంది నిజమే, ఆ మాట విని యూట్యూబ్ చూసి ఇంట్లో యాసిడ్‌లో ముంచేవాళ్ళు ఉన్నారు, యూపీలో మొరాదాబాద్, ఢిల్లీలో సీలంపూర్ లాంటి చోట్ల ఇదే పని ఏళ్ళ తరబడి చేసి మట్టీ నీళ్ళూ పాడయ్యాయి, చేసినవాళ్ళ ఊపిరితిత్తులూ పాడయ్యాయి. పద్ధతిగా తీసే టెక్నాలజీ మీద హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ పనిచేస్తోంది, అంటే దారి లేక కాదు. ప్రపంచం మొత్తం మీద 2022లో 62 మిలియన్ టన్నుల ఈ-వేస్ట్ పోగైతే అందులో లెక్కల్లోకి వచ్చి పద్ధతిగా రీసైకిల్ అయింది 22.3 శాతమే అని ఐక్యరాజ్యసమితి రిపోర్టు చెప్తోంది.

మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఈ-వేస్ట్ రూల్స్ తయారీ కంపెనీల మీద టార్గెట్లు పెట్టాయి, మొదటి రెండేళ్ళు 60 శాతం, తర్వాత రెండేళ్ళు 70, ఆ పైన 80. అయితే ఈ రూల్స్ బరువంతా రీసైక్లింగ్ వైపే ఒరిగింది. రీఫర్బిష్, అంటే పాతవాటిని బాగుచేసి మళ్ళీ అమ్మే పని, చేసేవాళ్ళకి కూడా రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్ ఉన్నాయి, దాంతో కంపెనీ బాధ్యత కొన్నాళ్ళు వాయిదా పడుతుంది. కానీ ఒక మెషిన్‌ని టెస్ట్ చేసి బతికించడం కన్నా కిలోల్లో తూచి ముక్కలు చెయ్యడం కాగితం మీద తేలిక, తూకం రసీదు చాలు. గంటల కొద్దీ మెమ్‌టెస్ట్ చేసినందుకు ఏ రసీదూ రాదు. ఒక ల్యాప్‌టాప్ జీవితకాలం కార్బన్ లెక్కలో పెద్ద వాటా దాని తయారీలోనే అయిపోతుందని కంపెనీల సొంత రిపోర్టులే చెప్తున్నప్పుడు, ఇంకో నాలుగేళ్ళు నడిచే మెషిన్‌ని ముక్కలు చేసి గ్రాముల్లో బంగారం తీసుకోవడం లాభసాటి బేరమేమీ కాదు.

టెస్టింగ్ ఖర్చు తగ్గించే దారి ఒకటుంది, పాతకాలం దారే, పుస్తకంలో రాసుకోవడం. ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లు రెండొందలు వచ్చినప్పుడు మొదటి ఇరవై పీసుల్ని అన్ని టెస్టులూ పెట్టి, ఏది ఎక్కడ ఫెయిలైందో రాసుకుంటే, ఆ మోడల్ బలహీనత ఎక్కడో బయటపడుతుంది, ఒకదానికి ఎడమ హింజ్, ఒకదానికి చార్జింగ్ పిన్, ఒకదానికి ఫ్యాన్. మిగతా నూట ఎనభైకి ఆ చోటు ముందు చూస్తే పోయేవి మొదటి రెండు నిమిషాల్లోనే పోతాయి, గంటల టెస్టులు మిగిలినవాటికే పెట్టొచ్చు. అదే పుస్తకంలోంచి ఒక చీటీ రాసి మెషిన్ మీద అంటించొచ్చు, ర్యామ్ ఇన్ని పాసులు, డిస్క్ ఇన్ని గంటలు నడిచింది, బ్యాటరీ ఇంత శాతం, లాక్ లేదు, కెమెరా చూడలేదు అని. చూడనిదాన్ని చూడలేదని రాసే ఆ చివరి ముక్క దగ్గరే చాలామంది అమ్మకందారులకి పెన్ను ఆగిపోతుంది.